బావగారి చెవి మిషన్‌కి సామాన్లు కొనే ముందు

బరంపురం,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోలు చూశాను. బావగారి కుడి చెవి మిషన్ పది రోజులుగా పలకడం లేదనీ, కొట్లో అడిగితే "ఇది అన్ని మిషన్లకీ సరిపోతుంది" అని రబ్బరు టోపీల ప్యాకెట్ ఒకటి ఇచ్చారనీ, పెట్టిన పూటే ఊడిపోతోందనీ రాశావు. ఆ ప్యాకెట్ పక్కన పెట్టెయ్ అమ్మా. ఇవాళ్టి నుంచి అది ఆయన చెవిలో పెట్టొద్దు. ఎందుకో కింద రాస్తాను. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు గానీ, కొట్టుకి వెళ్లినప్పుడు నీ చేతిలో కాగితం ఉండాలని ఉత్తరం రాస్తున్నాను.

మీ అమ్మమ్మ విషయం నీకు పూర్తిగా తెలియదు, అప్పటికి నువ్వు మరీ చిన్నపిల్లవి. ఆవిడకి పాకెట్ మిషన్ ఉండేది. జాకెట్టుకి తగిలించుకునే చిన్న పెట్టె, అందులో పెన్సిల్ సెల్లు, పెట్టెలోంచి చెవిలోకి ఒక తీగ. పెట్టె బాగానే ఉంది, తీగ లోపల ఎక్కడో తెగింది. నేను రెండు కొట్లలో అడిగాను. ఒకరిచ్చిన తీగకి పిన్నులు కుదరలేదు. ఇంకొకరిచ్చింది పెట్టెలో దూరింది గానీ చెవి దగ్గర బిళ్లలో దూరలేదు. పాత తీగ జేబులో వేసుకుని వెళ్లుంటే ఒక్క నిమిషంలో తేలిపోయే పని. ఉత్త చేతులతో వెళ్లి నోటితో చెప్పాను. ఆ తర్వాత బడిలో పరీక్షలొచ్చాయి, ఇంట్లో ఇంకేవో పనులొచ్చాయి. అమ్మ రెండుసార్లు అడిగి మానేసింది. మిషన్ బీరువాలోకి వెళ్లింది. ఏడాదిన్నర పాటు మేమందరం మాట్లాడుకుంటుంటే అమ్మ మా మూతుల వంక చూస్తూ కూర్చుంది. చవకైన తీగ ముక్క అది. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. నువ్వు పది రోజులు అని రాసేసరికి నాకు అదే గుర్తొచ్చింది.

అందుకని ఏదీ కొనకముందే మిషన్ వివరాలు ఒక కాగితం మీద రాసుకో. కంపెనీ పేరు, మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయి. ఇవి మిషన్ ఒంటి మీదో, సెల్లు పెట్టే తలుపు లోపలో చాలా సన్నని అక్షరాలతో ఉంటాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే కనిపిస్తాయి. ఎరుపు గుర్తు ఉన్నది కుడి చెవిది, నీలం గుర్తు ఉన్నది ఎడమ చెవిది. ఏ కంపెనీ మిషన్‌కైనా ఇదే పద్ధతి. బావగారిది మిషన్ చెవి వెనక కూర్చుని సన్నని తీగ లోపలికి వెళ్లే రకం కదా, ఆ తీగ చివర చెవిలో ఉండేదే స్పీకర్. దాన్ని రిసీవర్ అంటారు. తీగ మీద ఒక అంకె ఉంటుంది, అది పొడవు. పక్కనే ఒక అక్షరం గానీ ఇంకో అంకె గానీ ఉంటుంది, అది స్పీకర్ శక్తి. ఆ రెండూ రాసుకో. కుడి ఎడమల పొడవు, శక్తి ఒకటే ఉండాలని లేదు, అందుకే విడివిడిగా చూడు. రబ్బరు టోపీ, అంటే డోమ్, చిల్లులున్నదా, మూసి ఉన్నదా, రెండు అంతస్తులదా, దాని సైజు ఎంత అన్నవి కూడా రాయి. కొన్న తేదీ, వారంటీ ఎప్పటిదాకా, విశాఖలో మిషన్ సెట్ చేసిన ఆడియాలజిస్ట్ నంబరు. ఈ కాగితం ఒకటి నీ పర్సులో, ఇంకొకటి బావగారి కళ్లజోడు డబ్బాలో ఉండాలి.

ఇక ఏది ఎక్కడైనా కొనొచ్చు, ఏది కొనకూడదు అన్నది చెప్తాను. నీకు అసలు తెలియాల్సింది ఇదే. సెల్లు ఏ కంపెనీదైనా పరవాలేదు, సైజు కలిస్తే చాలు. తేమ లాగే గుళికలు, తుడిచే బ్రష్షు, గాలి ఊదే రబ్బరు బంతి కూడా అంతే. కానీ డోమ్, గుబిలి ఆపే జల్లెడ, రిసీవర్, చార్జర్, టీవీకి తగిలించే పెట్టె మాత్రం ఆ కంపెనీవే కావాలి. చాలాసార్లు ఆ కంపెనీలో కూడా ఆ మోడల్‌వే కావాలి. కంటికి ఒకేలా కనిపించినా మిల్లీమీటరులో కొంత తేడా చాలు, పట్టు తప్పుతుంది.

సెల్లు సంగతి ముందు. మిషన్ సెల్లులు ప్రధానంగా నాలుగు సైజులు. 10 నంబరుకి పసుపు స్టిక్కరు, 312కి గోధుమ రంగు, 13కి నారింజ, 675కి నీలం. నాలుగు కంపెనీల అట్టలు పక్కపక్కన పెట్టినా ఈ రంగులు మారవు. మన సరిహద్దు ఊళ్లలో ఇది పెద్ద సుఖం. గుణుపురంలో ఒడియాలో అడిగినా, పాతపట్నంలో తెలుగులో అడిగినా రంగు చూపిస్తే సరిపోతుంది. ఫొటోలో బావగారి సెల్లుకి గోధుమ రంగు స్టిక్కరు కనిపిస్తోంది కాబట్టి 312. మామూలు వాడకంలో వారం రోజుల దాకా వస్తుంది. 13 అయితే పది రోజుల నుంచి రెండు వారాలు. నాది 675, రెండు మూడు వారాలు నడుస్తుంది.

ఈ సెల్లులు గాలితో పనిచేస్తాయి. లోపల జింకు ఉంటుంది. చదునుగా ఉన్న ప్లస్ వైపు సన్నని రంధ్రాలుంటాయి, వాటిని స్టిక్కరు మూసి ఉంచుతుంది. స్టిక్కరు పీకగానే గాలి లోపలికి వెళ్లి కరెంటు పుట్టడం మొదలవుతుంది. అందుకే పీకిన వెంటనే మిషన్‌లో పెట్టి తలుపు మూసేయకుండా ఒక నిమిషం బయట ఉంచాలి. ఒకసారి పీకాక స్టిక్కరు మళ్లీ అతికించినా లాభం లేదు, ఖర్చు ఆగదు. కొనేటప్పుడు అట్ట మీద తేదీ చూడు. ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తున్నాయని ఏడాదికి సరిపడా కొనకు. రెండు మూడు నెలలకి సరిపడా ఉంటే చాలు.

ఒక పొరపాటు నేను చేశాను, నువ్వు చేయకు. ఒకసారి పెళ్లికి పర్లాకిమిడి వెళ్తే సెల్లు అయిపోయింది. వాచీ కొట్లో నా పాత సెల్లు చూపిస్తే అచ్చం అంతే ఉన్నది ఇచ్చారు. మిషన్‌లో సరిగ్గా కూర్చుంది, మోగింది కూడా. ముహూర్తం వేళకి బొంగురుపోయి, రాత్రికి పూర్తిగా ఆగిపోయింది. మంత్రాలు గానీ మేళం గానీ ఏమీ వినలేదు. ఇంటికి వచ్చి అట్టలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసింది. వాచీ సెల్లు మీద ఎల్ఆర్ 44 అని ఉంది. మిషన్ సెల్లు మీద 675తో పాటు పీఆర్ 44 అని ఉంది. రెండూ 11.6 మిల్లీమీటర్ల అడ్డం, 5.4 ఎత్తు. కొలత ఒకటే, లోపల సరుకు వేరు. మొదటి అక్షరం పీ ఉంటేనే గాలి సెల్లు. వాచీ సెల్లులో మిషన్‌కి కావలసినంత సత్తువ ఉండదు.

మీ బుజ్జిగాడు నేల మీద దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసులో ఉన్నాడు. పాత సెల్లులు కిటికీ గట్టు మీద పెట్టొద్దని బావగారికి గట్టిగా చెప్పు. మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టి అందులోనే వేయమను. పిల్లాడు సెల్లు మింగినా, ముక్కులోనో చెవిలోనో పెట్టుకున్నా అరటిపండు తినిపించి చూద్దాం అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు డోమ్. ఆ ప్యాకెట్ వద్దని ఎందుకన్నానంటే, మీ అత్తయ్యకి జరిగింది. మూడేళ్ల కిందట ఇలాగే సరిపోయినట్టే ఉన్న టోపీ పెట్టుకుంది. రాత్రి మిషన్ తీస్తే తీగ ఒక్కటే వచ్చింది, టోపీ చెవిలో ఉండిపోయింది. తలపిన్నుతో తీయబోయి ఇంకా లోపలికి తోసేసింది. తెల్లవారి చెవి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. ఆయన పరికరంతో రెండు క్షణాల్లో తీసేశారు గానీ కాలువ గీరుకుపోయి పది రోజులు ఆ చెవికి మిషన్ పెట్టలేదు. కంపెనీ డోమ్ అయితే రిసీవర్ మెడ మీద గట్టిగా దిగుతుంది. దిగాక మెల్లగా లాగి చూడాలి, కదలకూడదు. రెండు మూడు నెలలకి ఒకసారి, లేదా రబ్బరు గట్టిపడినా పసుపెక్కినా చిరిగినా మార్చెయ్. ఎప్పుడైనా టోపీ లోపల ఉండిపోతే ఇంట్లో ఎవరూ తీయబోవద్దు.

ఇంకొకటి కూడా ఉంది. చిల్లుల డోమ్ తీసి మూసిన డోమ్ పెడితే కొట్టువాడికి అది ఒక రబ్బరు ముక్క మార్పు, చెవికి మాత్రం శబ్దమే మారిపోతుంది. చిల్లులున్నది బొంగురు శబ్దాలని బయటికి వదిలేస్తుంది, మూసినది లోపలే ఉంచుతుంది. సొంత గొంతు కుండలోంచి వస్తున్నట్టు ఉందని బావగారు అన్నారంటే కారణం అదే అయి ఉండొచ్చు. ఆడియాలజిస్ట్ కంప్యూటర్‌లో ఏ డోమ్ అని ఎక్కించి దాని ప్రకారమే మిషన్ సెట్ చేస్తారు. కాబట్టి రకం మార్చాలంటే వాళ్లకి చెప్పి మార్చాలి. అదే రకం, అదే సైజు కొత్తది అయితే నువ్వే మార్చుకోవచ్చు.

కుడి మిషన్ పలకకపోవడానికి నాకు అనుమానం జల్లెడ మీదే. రిసీవర్ మూతి దగ్గర ఆవగింజంత తెల్ల ముక్క ఉంటుంది, వ్యాక్స్ గార్డ్ అంటారు. చెవిలో గుబిలి స్పీకర్‌లోకి పోకుండా ఆపడమే దాని పని. అది మూసుకుపోతే మిషన్ మొత్తం చెడిపోయినట్టే ఉంటుంది. ఓటికాన్ వాళ్లది ప్రోవ్యాక్స్ మినీఫిట్, ఫోనాక్ వాళ్లది సెరుషీల్డ్. ఇలా ఒక్కో కంపెనీది ఒక్కో పేరు, ఒక్కో తీరు. ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. చాలా కంపెనీలవి చిన్న పుల్లల్లా వస్తాయి. పుల్ల ఒక కొసతో పాతది గుచ్చి లాగుతావు, రెండో కొసలో ఉన్న కొత్తదాన్ని మూతిలో నొక్కుతావు. గుండుసూదితో పొడిచి శుభ్రం చేయాలని చూడొద్దు, వెనకే సున్నితమైన స్పీకర్ ఉంటుంది. జల్లెడ తీసేసి అలాగే వాడడం కూడా వద్దు, గుబిలి చేరి రిసీవర్ పోతుంది.

ఈ వరసలో చూడు. ముందు ఎడమ మిషన్‌లో పనిచేస్తున్న సెల్లు తీసి కుడిదాంట్లో పెట్టు. మిషన్‌ని గుప్పిట్లో మూసి పట్టుకో, కీచుమంటే స్పీకర్ బతికే ఉంది. కీచుమనకపోతే డోమ్ తీసి దాని రంధ్రం చూడు. తర్వాత జల్లెడ మార్చు. అప్పటికీ పలకకపోతే రిసీవర్ పోయి ఉండొచ్చు. అది మాత్రం నువ్వు కొనొద్దు. వారంటీ ఉందేమో అడిగి, విశాఖ వాళ్లకే చూపించు. ఎడమ దాని తీగ పీకి కుడిదానికి తగిలించి చూద్దామని కూడా అనుకోకు, వంపు వేరు, శక్తి వేరు కావచ్చు. గుణుపురం పాసింజర్‌లో ఒక రోజు పోతుంది, పోనీ. వెళ్లే ముందు ఫోన్ చేసి మోడల్, పొడవు, శక్తి చెప్పి, సరుకు ఉందా తెప్పించాలా అని కనుక్కుని బయల్దేరు. ఉత్తినే వెళ్లి వారం తర్వాత మళ్లీ రమ్మంటే బావగారికి విసుగొస్తుంది. విసుగొస్తే మిషన్ బీరువాలోకి వెళ్తుంది.

అన్నట్టు, ఆయన చెవిలో గోరువెచ్చని నూనె పోయించుకునే అలవాటు మానుకున్నారా? మిషన్ పెట్టుకునే చెవిలో నూనె పోస్తే జల్లెడలు ఎన్ని మార్చినా నిలబడవు. గుబిలి ఎక్కువుంటే డాక్టరు దగ్గర తీయించండి. తలకి నూనె, పౌడరు రాసుకోవడం అయ్యాకే మిషన్ పెట్టుకోవాలి.

మీ ఎదురింటి ముసలాయనకి క్యాంపులో మిషన్ ఇచ్చారనీ, అది ఈల వేస్తోందనీ రాశావు. అది నా మిషన్‌లాంటిదే, చెవి అచ్చు తీసి చేసిన మౌల్డ్, దానికి గొట్టం. గొట్టం పసుపెక్కి బిరుసెక్కితే పగిలి ఈల వేస్తుంది. మూడు నుంచి ఆరు నెలలకి మార్పించాలి. ఆ గొట్టాన్ని 13 నంబరు ట్యూబు అంటారు, 13 నంబరు సెల్లుకీ దానికీ సంబంధం లేదు. కొట్లో ఉత్తి "13 కావాలి" అంటే సెల్లు చేతిలో పెడతారు, విడమర్చి చెప్పమను. గొట్టం కొత్తదే అయినా ఈల ఆగకపోతే మౌల్డ్ వదులైందేమో చూపించాలి.

వానాకాలంలో తేమ అన్నిటికంటే పెద్ద శత్రువు. మూత బిగుతుగా ఉండే డబ్బాలో తేమ లాగే గుళికల పొట్లం వేసి, రాత్రి మిషన్‌ని సెల్లు తీసేసి తలుపు తెరిచి అందులో పెట్టాలి. సెల్లు బయటే ఉంచాలి, డబ్బాలో పెడితే అది ఎండిపోతుంది. గుళికల రంగు మారిందంటే పని అయిపోయినట్టే. కొన్ని రకాలని వేడి చేసి మళ్లీ వాడొచ్చు, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. బియ్యం డబ్బాలో దాచడం, ఎండలో ఆరబెట్టడం, జుట్టు ఆరబెట్టే మిషన్ పెట్టడం ఏవీ చేయకు.

చార్జింగ్ మిషన్‌కి మారిపోతే సెల్లుల గొడవ ఉండదు కదా అని అడిగావు. వేళ్లు వణికే వాళ్లకి అది మేలు, నేను కాదనను. కానీ మనం తుఫాన్ల దారిలో ఉన్నాం. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటినప్పుడు బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. నా దగ్గర నీలం అట్టలు రెండు ఉన్నాయి కాబట్టి ఆ చీకట్లో కూడా పక్కవాళ్ల మాట నాకు వినిపించింది. 2018లో తిత్లీ గజపతి జిల్లాని ఏం చేసిందో నువ్వు చూసిందే. చార్జింగ్‌ది కొంటే చార్జర్‌ని పవర్ బ్యాంకుతో నడపొచ్చా లేదా అడిగి కొను. ఒక మోడల్ చార్జర్‌లో ఇంకో మోడల్ మిషన్ చాలాసార్లు కూర్చోదు, కూర్చున్నా ఎక్కకపోవచ్చు. లోపలి బ్యాటరీని మనం ఇంట్లో మార్చుకోలేం.

టీవీ పెట్టె సంగతి తొందరేం లేదు. ఆయనకి వార్తలు స్పష్టంగా వినాలని ఉంటే ఆ కంపెనీ టీవీ కనెక్టరే కావాలి, అదీ ఆ తరం మిషన్‌తో కలుస్తుందో లేదో మోడల్ చెప్పి అడగాలి. మిషన్‌లో బ్లూటూత్ ఉంది అన్నంత మాత్రాన ప్రతి ఫోన్‌తోనూ కలవదు. కొన్ని ఐఫోన్‌తోనే బాగా కలుస్తాయి, కొన్నిటికి కొత్త ఆండ్రాయిడ్ కావాలి. ఆయన ఫోన్ పట్టుకెళ్లి కొట్లోనే కలిపి, మాట్లాడించి చూసి అప్పుడు డబ్బులివ్వు.

నలుగురిలోకి వెళ్లేటప్పుడు బావగారు మిషన్ తీసి జేబులో వేసుకుంటున్నారని రాశావు. ఆయనకి మా గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవర భాష కోసం మీ వైపు కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి క్వినైన్ విపరీతంగా వాడడంతో చెవులు దెబ్బతిన్నాయి. ఆ చెవుడుతోనే సవర భాషకి వ్యాకరణం రాశారు, వాడుక తెలుగు కోసం సభల్లో నిలబడి వాదించారు. అలాంటి మనిషి తిరిగిన నేల మీద చెవి మిషన్ పెట్టుకోవడానికి సిగ్గెందుకు? నా మాటగా చెప్పు.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకి ఫోన్ చేస్తాను. అప్పటికి కుడిది పలికినా పలకకపోయినా ఎడమది ఉంది కదా, ఫోన్ ఆయనకే ఇవ్వు. మిషన్‌కి మైకు చెవి వెనక, పైభాగంలో ఉంటుంది. ఫోన్‌ని చెవి రంధ్రం దగ్గర కాకుండా కాస్త పైకి, మిషన్‌కి దగ్గరగా పట్టుకోమని చెప్పు. నేను నెమ్మదిగా మాట్లాడతాను.

మీ అత్తయ్య బుజ్జిగాడికి ముద్దులు పంపుతోంది.

ఇట్లు
నీ మావయ్య